ఆ రోజు సంతకం పెట్టి ఉంటే నాన్న బతికేవారా?

ప్రశ్న: డాక్టర్ గారూ, 2021 మే నెలలో మా నాన్నగారికి కరోనా వచ్చింది. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. వయసు 61, షుగరు ఉంది. ఎంతో తిరిగితే విజయవాడలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో బెడ్డు దొరికింది. ఆక్సిజన్ పెట్టారు. రెండో రోజు రాత్రి ఒక కుర్ర డాక్టరు బయటికొచ్చి, కొత్త ఇంజెక్షన్ మీద స్టడీ జరుగుతోంది, ఇష్టమైతే మీ నాన్నగారిని చేర్చుకుంటాం అని పది పన్నెండు పేజీలు నా చేతిలో పెట్టాడు. అన్నీ ఇంగ్లీషే. ‘మా నాన్న మీద ప్రయోగాలా?’ అని అరిచేశాను. ఆరో రోజు నాన్న పోయారు. అమెరికాలో ఉన్న అన్నయ్య ఇప్పటికీ ‘ఆ రోజు నువ్వు సంతకం పెట్టి ఉంటే...’ అని ఆగిపోతాడు. మాట పూర్తి చెయ్యడు. నాకు అదే ఎక్కువ నరకం. ఇప్పుడు మా బాబాయికి జ్వరమొచ్చి టెస్టు చేయిస్తే కరోనా అని తేలింది. ఆక్సిజన్ అక్కర్లేదన్నారు, ఇంట్లోనే ఉన్నాడు. ఆ ఆస్పత్రివాళ్లు మాత్రల స్టడీ అంటూ మళ్లీ అలాంటి కాయితాలే ఇచ్చి రెండు రోజుల్లో చెప్పమన్నారు. ఇంట్లో అందరూ నా మొహమే చూస్తున్నారు. ఏం చెప్పమంటారు? – ఒక కూతురు, ఏలూరు

జవాబు: అమ్మా, రెండు రోజుల గడువు ఉందన్నారు కాబట్టి ఈ జవాబు ఇక్కడ వేయకముందే మీకు పంపించాను. తొందర బాబాయిగారి విషయానికే. అయినా నాన్నగారి సంగతి మనసులో అలా ఉండగా మీరు ఇంకో కాయితం మీద నిదానంగా చూపు నిలపలేరు. అందుకే అక్కడినుంచే మొదలుపెడతాను.

మీరు సంతకం పెట్టకపోవడం వల్ల నాన్నగారు పోలేదు. మిమ్మల్ని ఓదార్చడానికి అంటున్న మాట కాదిది. ఎందుకంటున్నానో వివరంగా చెబుతాను, మీ అన్నయ్యగారికి కూడా చదివి వినిపించండి.

ట్రయల్‌లో, అంటే మీరన్న ఆ స్టడీలో, చేరడమంటే కొత్త మందు ఎక్కించుకోవడమని మీ అన్నయ్యగారు అనుకుంటున్నారు. బాగా చదువుకున్నవాళ్లు కూడా అలాగే అనుకుంటారు. చేరినవాళ్లందరికీ ఆ మందు ఇవ్వరు. సంతకం అయ్యాక చీటీ తీసినట్టు తీస్తారు. కొందరికి మామూలు వైద్యంతోపాటు కొత్త మందు, మిగతావాళ్లకి మామూలు వైద్యం మాత్రమే. మా వార్డులో జరిగిన ఒక స్టడీలో ఈ పని నేనే చేశాను. పీపీఈ కిట్టు లోపల చెమట కారుతుంటే, కళ్లద్దాల మీద ఆవిరి పట్టి అక్షరాలు కనిపించకపోతే, పేషెంటు సంతకం పెట్టిన కాయితాన్ని అద్దం తలుపుకి ఆనించి పట్టుకునేవాణ్ని. అవతలనుంచి సిస్టరు ఫోటో తీసుకునేది. తర్వాత స్టడీ రూముకి ఫోను. అక్కడ ఉన్న అమ్మాయి వయసెంత, ఆక్సిజన్ ఎన్ని లీటర్లు, షుగరు ఉందా అని అడిగి కంప్యూటర్లో కొట్టేది. ఫోనులో కాసేపు ఏ చప్పుడూ ఉండేది కాదు. ఆ తర్వాత ‘మందు సార్’ అనేది, లేకపోతే ‘మామూలు ట్రీట్‌మెంట్ సార్’ అనేది.

ఆ ఎంపికలో నా చెయ్యి ఉండేది కాదు. ఉండకూడదు కూడా. కోలుకుంటాడనిపించిన కుర్రాడికి మందిచ్చి, పక్క బెడ్డు మీద డెబ్భై ఏళ్లాయనకి మానేస్తే, చివరికి మందు పనిచేసిందో కుర్రతనం పనిచేసిందో ఎవరు చెప్పగలరు? అందుకే ఆ చీటీ.

అంటే మీరు సంతకం పెట్టినా నాన్నగారికి ఆ ఇంజెక్షన్ పడుతుందన్న నమ్మకం లేదు. పడినా అది మేలు చేస్తుందన్న నమ్మకం అంతకన్నా లేదు. మిమ్మల్ని అడిగిన ఆ కుర్ర డాక్టరుకీ తెలియదు. తెలిస్తే మిమ్మల్ని అడగడు, కేసు షీటులో రాసేస్తాడు. తెలియదు గనకే అడిగాడు. ఆ రాత్రి మీ చేతిలో పెట్టింది మందు కాదమ్మా, ఒక ప్రశ్న.

ఆ రెండేళ్లలో అలా అడిగిన ప్రశ్నల్లో ఎన్నింటికి ‘అవును’ అని జవాబొచ్చిందో చూడండి. 2020 మొదట్లో అందరి నోటా హైడ్రాక్సీక్లోరోక్విన్. మందుల షాపుల్లో దొరికేది కాదు, కీళ్లవాతానికి రోజూ వాడుకునేవాళ్లకే కరువైంది. బ్రిటన్‌లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీవాళ్లు పీటర్ హార్బీ, మార్టిన్ లాండ్రేల ఆధ్వర్యంలో ఆ మార్చిలోనే ‘రికవరీ’ అనే పెద్ద ట్రయల్ పెట్టారు. ఆస్పత్రిలో చేరినవాళ్లలో 1561 మందికి ఆ మాత్ర ఇచ్చారు, 3155 మందికి ఇవ్వలేదు. 28 రోజుల్లో మాత్ర పడినవాళ్లలో నూటికి 27 మంది పోయారు. పడనివాళ్లలో నూటికి 25. అజిత్రోమైసిన్‌తోనూ లాభం లేదని తేలింది, హెచ్ఐవీకి వాడే లోపినావిర్‌తోనూ లేదు. ఇక రెమ్‌డెసివిర్. మీకు గుర్తుండే ఉంటుంది, 2021 ఏప్రిల్, మే నెలల్లో ఒక్క వయల్ కోసం జనం తాళిబొట్లు తాకట్టు పెట్టారు. అప్పటికి ఆరు నెలల ముందే, 2020 అక్టోబరులో, ప్రపంచ ఆరోగ్య సంస్థ 30 దేశాల్లో నడిపిన ‘సాలిడారిటీ’ ట్రయల్ లెక్క చెప్పింది. రెమ్‌డెసివిర్ ఇచ్చిన 2743 మందిలో 301 మంది చనిపోయారు, ఇవ్వని 2708 మందిలో 303 మంది. తర్వాత ఇంకా ఎక్కువమందిని కలిపి చూస్తే ఆక్సిజన్ మీదున్నవాళ్లలో కొద్దిపాటి మేలు కనిపించింది, వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో అదీ లేదు. మన దేశమూ ఆ ట్రయల్‌లో ఉంది. అయినా ఆ అంకె బ్లాకులో వయల్ కోసం పరుగెత్తే మనిషి దాకా చేరలేదు. చేర్చవలసినవాళ్లం మేమే, చేర్చలేకపోయాం.

నిజంగా ప్రాణాలు నిలబెట్టిన మందు ఏదో తెలుసా? డెక్సామెథసోన్. అరవై ఏళ్లనాటి పాత స్టెరాయిడ్. ఆయాసానికీ ఎలర్జీకీ ఎప్పట్నుంచో వాడుతున్నదే, నాలుగు రూకలకు దొరికేదే. అదే రికవరీ ట్రయల్‌లో 2104 మందికి రోజుకి 6 మిల్లీగ్రాముల చొప్పున పది రోజుల వరకూ ఇచ్చి, ఇవ్వని 4321 మందితో పోల్చారు. వెంటిలేటర్ మీదున్నవాళ్లలో చావులు నూటికి 41 నుంచి 29కి దిగాయి. ఆక్సిజన్ మీదున్నవాళ్లలో 26 నుంచి 23కి. 2020 జూన్ 16న ఆ వార్త వచ్చినప్పుడు నేను డ్యూటీ రూములో ఉన్నాను. ఆ మాట చదివి ఇద్దరం ముగ్గురం మాట్లాడకుండా అలాగే కూర్చుండిపోయాం. మొదటిసారిగా మా చేతికి ఏదో ఒకటి దొరికింది.

అప్పటినుంచి మన దగ్గరా ఆక్సిజన్ మీదున్న ప్రతి పేషెంటుకీ స్టెరాయిడ్ రాయడం మామూలైపోయింది. గుండె ఒప్పుకున్న రోజున నాన్నగారి కేసు కాయితాలు తీసి చూడండి, డెక్సా అనో, మిథైల్ ప్రెడ్ అనో కచ్చితంగా కనిపిస్తుందనుకుంటాను. ఇద్దామా వద్దా అని అప్పటికి ఎవరూ తర్జనభర్జన పడనక్కర్లేదు, జవాబు తెలిసిపోయింది. ఆ జవాబు కోసం సంతకం పెట్టినవాళ్లు ఎక్కడో బర్మింగ్‌హామ్‌లోనో లీడ్స్‌లోనో ఎవరి నాన్నలో, ఎవరి అమ్మలో. వాళ్లలో చాలామంది బతకలేదు. వాళ్లు అడిగించుకున్న ప్రశ్న మాత్రం మీ నాన్నగారి మంచం దాకా వచ్చింది. ఆయనకి ఆనాడు తెలిసిన వైద్యం అందింది. అంతకుమించి ఏదో ఉండి, మీరు అడ్డుపడ్డారన్నది నిజం కాదు.

ఇంకొక మాట. ఆయన స్పృహలో ఉండి మాట్లాడుతుంటే ఆ ప్రశ్న మొదట ఆయన్నే అడగాలి, ఆయనకి అర్థమయ్యే భాషలో అడగాలి. అర్ధరాత్రి వరండాలో ఒక కూతురి చేతిలో ఇంగ్లీషు కాయితాలు పెట్టి అడిగే పద్ధతి తప్పు. ఆ తప్పు మీది కాదు. మీరు అరిచారన్నారు, మీ చోట ఎవరున్నా అరిచేవారు.

అలాగని ట్రయల్స్ అంటేనే దూరంగా ఉండాలని నా జవాబులోంచి ఏరుకోవద్దు. వాటి మాట వినకపోతే ఏమవుతుందో నేను నా చేతులతో చేసి చూశాను. ప్లాస్మా సంగతి చెబుతాను. కోలుకున్నవాళ్ల రక్తంలోంచి ప్లాస్మా తీసి ఎక్కిస్తే పేషెంటు లేచి కూర్చుంటాడని మేమూ నమ్మాం. చీటీ మీద ‘బీ పాజిటివ్ ప్లాస్మా, 2 యూనిట్లు’ అని రాసి పేషెంటు కొడుకు చేతికిచ్చేవాణ్ని. ఒకబ్బాయి గుంటూరునుంచి దాతని తన బండి వెనక కూర్చోబెట్టుకుని రాత్రికి రాత్రి తెచ్చాడు. ఆ మనిషి కోలుకుని నెల కూడా కాలేదు, బండి దిగేసరికి ఒళ్లు వణుకుతోంది. నేను అది రాసేనాటికే మన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) చేసిన ‘ప్లాసిడ్’ ట్రయల్ ఫలితం బయటికొచ్చింది. 39 ఆస్పత్రులు, 464 మంది పేషెంట్లు. ప్లాస్మా ఎక్కించినవాళ్లలో నూటికి 19 మందికి జబ్బు ముదరడమో ప్రాణం పోవడమో జరిగింది, ఎక్కించనివాళ్లలో 18 మందికి. తేడా లేదు. బ్రిటన్‌లో 11 వేల పైచిలుకు మందిలో చూసినా అంతే. నేను ఆ ఫలితం చదివాను, ‘అయినా ఒకవేళ...’ అనుకుని రాశాను. 2021 మే 17న ఐసీఎంఆర్ తన మార్గదర్శకాల్లోంచి ప్లాస్మాని తీసేసే దాకా రాస్తూనే ఉన్నాను. ఆ అబ్బాయి వాళ్ల నాన్న పక్కన కూర్చోవలసిన రాత్రి రోడ్డు మీద గడిపాడు. ఆ రాత్రిని నేను అతనికి తిరిగి ఇవ్వలేను.

అదే మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య మందు కోసం తిరునాళ్లకి వచ్చినట్టు వచ్చారు జనం. వెళ్లినవాళ్లని నేను ఒక్క మాట అనను. ఇంట్లో మనిషికి ఊపిరాడకపోతే ఎవరైనా ఎక్కడికైనా వెళతారు. నా బాధ వేరు. అంతమంది తీసుకున్నా దానివల్ల మనకు ఒక్క ముక్క కొత్తగా తెలియలేదు. తీసుకున్నవాళ్ల పక్కన తీసుకోనివాళ్లని పెట్టి లెక్క చూసినవాళ్లు లేరు. కరోనా వచ్చిన వందలో ఎక్కువమంది ఏ మందూ లేకపోయినా లేచి తిరుగుతారు. కాబట్టి ఏది వేసుకున్నా ‘నాకు తగ్గింది’ అని చెప్పేవాళ్లు బోలెడంతమంది దొరుకుతారు. మన హైదరాబాద్ రెడ్డీస్ మందుల కంపెనీవాళ్లతో కలిసి రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో కరోనాకని తెచ్చిన 2-డీజీ పొడికి కనీసం పోలిక ఉంది. 220 మందిలో చూస్తే, మూడో రోజుకి ఆక్సిజన్ అక్కర్లేకపోయినవాళ్లు నూటికి 42, మామూలు వైద్యంలో 31 అని ప్రకటించారు. అయితే ప్రాణం నిలబెడుతుందా అన్నది తేల్చడానికి 220 మంది చాలరు. చావుల్లో తేడా పట్టుకోవడానికి రికవరీవాళ్లకి వేలమంది కావలసివచ్చింది.

ట్రయల్ చెప్పిన మాటలో సగం విని సగం వదిలేస్తే ఇంకా ప్రమాదం. డెక్సామెథసోన్ ఫలితంలో రెండో ముక్క కూడా ఉంది. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకి దానివల్ల మేలు లేదు, వాళ్లలో చావులు నూటికి 14కి బదులు దాదాపు 18 కనిపించాయి. మనం మొదటి ముక్క పట్టుకున్నాం. జ్వరం వచ్చిన మొదటి రోజే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర స్టెరాయిడ్, వాట్సాప్‌లో వచ్చిన చీటీ చూపించి మందుల షాపులో స్టెరాయిడ్. షుగరు ఉన్నవాళ్లకి దాంతో షుగరు చెలరేగింది. ఆ తర్వాత బ్లాక్ ఫంగస్ వచ్చి కళ్లు తీయించుకున్నవాళ్లని మీరూ చూసే ఉంటారు. బాబాయిగారికి ఇంట్లో ఎవరైనా ‘తొందరగా తగ్గుతుంది’ అని స్టెరాయిడ్ మాత్రలు తెచ్చి ఉంటే, డాక్టరు చెప్పకుండా వెయ్యొద్దు. ఆయనకి ఆక్సిజన్ అక్కర్లేదని మీరే రాశారు.

‘ప్రయోగాలా’ అన్న మీ భయం ఎక్కడినుంచి వచ్చిందో కూడా నాకు తెలుసు. మన నేల మీదే దానికి కారణాలున్నాయి. 2009లో ఖమ్మం జిల్లా గిరిజన హాస్టళ్లలో పది పద్నాలుగేళ్ల ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేశారు. చాలా ఫారాల మీద తల్లిదండ్రుల సంతకం ఉండాల్సిన చోట హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమం ఆపేశారు, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. ఇవాళ ఆ టీకా మంచిదని నేను నా పేషెంట్లకి చెబుతాను. కానీ ఆ పిల్లల అమ్మానాన్నల్ని అడగకపోవడం ఘోరం, టీకా మంచిదైనంత మాత్రాన ఆ తప్పు మాసిపోదు. కాయితం చూసి భయపడే హక్కు మనకుంది. ఆ భయంతోనే కాయితాన్ని గట్టిగా చదవాలి.

ఇక బాబాయిగారి కాయితం. 2019లో వచ్చిన కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం మీకు దక్కవలసినవి కొన్ని ఉన్నాయి, అవి మొహమాటపడకుండా అడగండి. మొట్టమొదట తెలుగు కాయితం. ‘లేదు, మేం చెబుతాంలెండి’ అంటే, వచ్చాకే మాట్లాడదామనండి. ట్రయల్ పద్ధతిగా ఉందో లేదో చూసి అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ ఒకదానిలో నేను కొన్నాళ్లున్నాను. అందులో డాక్టర్లు కాక వైద్యంతో సంబంధం లేని ఒక మామూలు మనిషి, ఒక న్యాయవాది, ఒక మహిళ ఉండి తీరాలి. మా దాంట్లో ఆ మామూలు మనిషి రిటైరైన తెలుగు పంతులుగారు. ప్రతి ఫారం పైకి చదివి, ‘ఈ వాక్యం మా ఆవిడకి అర్థం కాదు, మళ్లీ రాయండి’ అని వెనక్కి పంపేవారు. కంపెనీవాళ్లు విసుక్కునేవారు. ఆయన మాత్రం కదిలేవారు కాదు. నేను ఆయన దగ్గర నేర్చుకున్నంత ఏ ప్రొఫెసరు దగ్గరా నేర్చుకోలేదు.

కాయితం మీద సీటీఆర్ఐ (మన దేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ) రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో చూడండి. 2009 జూన్ నుంచి మన దేశంలో ట్రయల్ ఏదైనా ముందే ఆ రిజిస్ట్రీలో నమోదు కావాలి. ఆ నంబరు కొడితే ఏ మందు, ఎంతమంది మీద, ఏ ఊళ్లలో, డబ్బు ఎవరిది అన్నీ నెట్‌లో ఎవరికైనా కనిపిస్తాయి. మీ అన్నయ్యగారికి ఈ పని అప్పగించండి, ఆయనకీ కాస్త బరువు దిగుతుంది. నంబరు లేకపోతే ఇంకేమీ అడగక్కర్లేదు, కాయితాలు తిరిగి ఇచ్చేయండి.

తర్వాత అడగాల్సింది: పోలిక దేనితో? కొత్త మాత్ర పడనివాళ్లకి ఏమిస్తారు? మామూలుగా ఇవ్వాల్సిన వైద్యం ఇద్దరికీ సమానంగా అందాలి. ఉత్తుత్తి మాత్ర, అంటే చూడ్డానికి అలాగే ఉండి లోపల మందు లేనిది, ఇవ్వడం తప్పు కాదు, అసలు వైద్యం ఆపి ఉత్తుత్తి మాత్ర ఇస్తే తప్పు. ఆయాసం పెరిగితే రాత్రి ఎవరికి ఫోను చెయ్యాలో పేరు, నంబరు రాయించుకోండి. ట్రయల్ వల్ల ఏ హాని జరిగినా వైద్యం ఖర్చు నడిపించేవాళ్లదే, నష్టపరిహారమూ వాళ్లే ఇవ్వాలి. ఆస్పత్రిలో చేరాల్సినంత ఇబ్బంది వస్తే డాక్టరు 24 గంటల్లోగా పైవాళ్లకి తెలియజేయాలి. ఇవన్నీ కాయితంలో ఉండాలి, నోటిమాటగా కాదు. సంతకం పెట్టిన కాయితం నకలు మీ దగ్గర ఉంచుకోండి. మధ్యలో వద్దనిపిస్తే ఏ రోజైనా బయటికి రావచ్చు, వచ్చినందుకు మామూలు వైద్యం ఆపడానికి వీల్లేదు.

బాబాయిగారు వేసుకునే మందులన్నీ ఒక సంచిలో వేసి పట్టుకెళ్లండి. బీపీవి, షుగరువి, కొలెస్ట్రాల్‌వి, రక్తం పలచబరిచేవి, ఊళ్లో ఇచ్చిన పొడులూ కషాయాలతో సహా. కరోనా మాత్రల్లో కొన్ని, ముఖ్యంగా పాక్స్‌లోవిడ్ లాంటివి, కొలెస్ట్రాల్ మాత్రలతోనూ రక్తం పలచబరిచే వాటితోనూ పడవు. ఈ సంచి లేకుండా ఎవరైనా ‘చేర్చుకుంటాం’ అంటే వాళ్ల తొందర నాకు నచ్చదు.

ఇన్నేళ్లయినా ఇంకా ట్రయల్స్ ఎందుకని అడుగుతారేమో. మోల్నుపిరావిర్ అనే మాత్రే చూడండి. టీకా వేసుకోనివాళ్లలో, ఆస్పత్రిపాలవడమో చావో నూటికి దాదాపు 10 ఉన్నది 7కి తగ్గింది. అదే మాత్రని తర్వాత బ్రిటన్‌లో 25 వేలమందికి పైగా, ఎక్కువగా టీకాలు పడినవాళ్లలో చూస్తే మాత్ర వేసుకున్నా వేసుకోకపోయినా నూటికి ఒక్కరే. ఒంట్లో నలత మాత్రం నాలుగు రోజులు ముందు తగ్గింది. పాక్స్‌లోవిడ్‌కి మంచి పేరు తెచ్చిన ట్రయల్‌లోనూ అందరూ టీకా పడనివాళ్లే: మాత్ర వేసుకున్న 1039 మందిలో 8 మంది, ఉత్తుత్తి మాత్ర వేసుకున్న 1046 మందిలో 66 మంది ఆస్పత్రిలో చేరారు లేదా పోయారు. టీకాలు పడిన మనిషికి ఆ అంకె అలాగే వర్తించదు. వైరస్ మారింది, మన ఒళ్లూ మారింది, పాత ప్రశ్నలే మళ్లీ అడిగి చూసుకోవాల్సి వస్తోంది. బాబాయిగారికి ఎన్ని డోసులు పడ్డాయో, ఎప్పుడు పడ్డాయో అందుకే వాళ్లకి చెప్పండి.

ఈ మాత్రలు ఏవైనా జ్వరం మొదలైన అయిదు రోజుల్లోపు మొదలుపెట్టాలి. అందుకే రెండు రోజులన్నారు, అది బెదిరింపు కాదు. ఒక రాత్రి ఆలోచించుకోవడానికి ఆ గడువు చాలు. చేరకపోయినా ఆక్సిజన్ మీటరు పెట్టి రోజుకి మూడుసార్లు చూడండి, 94 కంటే దిగితే ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి.

చేరమనాలా వద్దనాలా అని మీరు అడిగారు. ఇంట్లో అందరూ మీ మొహం చూస్తున్నారని రాశారే గానీ, బాబాయిగారు ఏమంటున్నారో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. జ్వరమే తప్ప ఆయన తెలివిగా ఉన్నారు. సంతకం ఆయనది. ఇవాళ సాయంత్రం మాస్కు పెట్టుకుని, కిటికీలు తీసి, ఆయన మంచానికి కాస్త దూరంలో కుర్చీ వేసుకోండి. తెలుగు కాయితం మొదటి పేజీనుంచి పైకి చదవండి. అర్థం కాని చోట ఆయన్ని ఆపమనండి, అక్కడ పెన్సిలుతో గీత గీయండి. ఆ గీతలన్నీ రేపు ఉదయం స్టడీ డాక్టరుకి ఫోను చేసి ఆయన్నే అడగనివ్వండి.